మెట్ల కింద గదిలో ముఖ్యమంత్రి – డేవిడ్ మార్షల్ జీవితం

సింగపూరులో ఉంటున్న మన తెలుగువాళ్ళలో లీ క్వాన్ యూ పేరు తెలియనివారు ఉండరు. ఆయన ఆత్మకథ మన ఇళ్ళలో పుస్తకాల అలమరాల్లో కనిపిస్తూనే ఉంటుంది. కానీ ఆయన కంటే ముందే ఈ దీవికి ఎన్నికల ద్వారా వచ్చిన ఒక ముఖ్యమంత్రి ఉన్నారని, ఆయన పేరు డేవిడ్ మార్షల్ అని మనలో ఎంతమందికి తెలుసు? ఇక్కడికి వచ్చిన చాలా ఏళ్ళ వరకు నాకూ ఆ పేరు విన్నట్టు గుర్తే తప్ప, ఆయన ఎవరో, ఏం చేశారో తెలియదు. తర్వాత ఆయన గురించి చదువుతున్నకొద్దీ, ఈ మనిషి కథ మన తెలుగు మిత్రులకి చెప్పాలి అనిపించింది. ఎందుకంటే ఇది ఒక వ్యక్తి కథ మాత్రమే కాదు. ప్రభుత్వం చేతికి ఎంత అధికారం ఇవ్వాలి, పౌరుడి దగ్గర ఎంత స్వేచ్ఛ మిగలాలి అనే ప్రశ్న చుట్టూ తిరిగిన జీవితం ఆయనది. ఆ ప్రశ్న మన దేశంలోనూ ఉంది, మనం వలస వచ్చిన ఈ దేశంలోనూ ఉంది.

బాగ్దాదు నుంచి సింగపూరుకి

మార్షల్ 1908 మార్చి 12న సింగపూరులోనే పుట్టారు. తల్లిదండ్రులు బాగ్దాదు మూలాలున్న యూదులు. ఇంటిపేరు అసలు మషాల్, దాన్ని ఇంగ్లీషు పలుకుబడికి తగ్గట్టు మార్షల్‌గా మార్చుకున్నారు. వ్యాపార కుటుంబం, ఆచారాలు గట్టిగా పాటించే ఇల్లు. తెల్లవారి పాలనలో ఉన్న ఊళ్ళో, చైనావారు, మలయవారు, భారతీయులు ఎక్కువగా ఉన్న సమాజంలో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగేంత చిన్న సమూహానికి చెందిన కుర్రాడు. పరాయి దేశంలో చిన్న గుంపుగా బతకడం అంటే ఏమిటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు కదా!

సెయింట్ జోసెఫ్స్, సెయింట్ ఆండ్రూస్, రాఫెల్స్ విద్యాసంస్థల్లో చదివారు. ఆ రోజుల్లో క్వీన్స్ స్కాలర్‌షిప్ వస్తే ఇంగ్లండులో చదువుకి దారి దొరికేది. దానికోసం రాత్రింబవళ్ళు చదివి ఆరోగ్యం పాడుచేసుకున్నారు, క్షయ బారిన పడ్డారు, పరీక్ష చేజారిపోయింది. కోలుకోవడానికి స్విట్జర్లాండు వెళ్ళారు, బెల్జియంలో బట్టల తయారీ నేర్చుకున్నారు. తిరిగొచ్చి గుమాస్తాగా, సేల్స్‌మన్‌గా పనిచేశారు, ఫ్రెంచి పాఠాలు చెప్పారు. అలా కూడబెట్టుకున్న డబ్బుతో 26 ఏళ్ళ వయసులో లండన్ వెళ్ళి లా చదివారు. 1937లో బారిస్టరు అయ్యారు. ఉద్యోగం చేసి, డబ్బు దాచుకుని, లేటు వయసులో విదేశానికి చదువుకి వెళ్ళడం... ఈ భాగం చదివినప్పుడు మన మిత్రులు చాలామంది నా కళ్ళముందు కదిలారు.

సింగపూరుకి వచ్చి లాయరుగా స్థిరపడే లోపే యుద్ధం వచ్చింది. వాలంటీర్ దళంలో చేరి ఉన్న మార్షల్, 1942 ఫిబ్రవరిలో సింగపూరు జపానువారి వశం కాగానే ఖైదీ అయ్యారు. మొదట చాంగీలో, తర్వాత 1943లో జపాను ఉత్తరాన ఉన్న హొక్కయిడో దీవికి తరలించారు. అక్కడి చలిలో బొగ్గు గనుల దగ్గర కూలి పని చేయించారు. మూడున్నర ఏళ్ళు! ఏ నేరమూ చేయకుండా, ఏ కోర్టూ విచారించకుండా, ఎప్పుడు బయటపడతామో తెలియకుండా గడిపిన మూడున్నర ఏళ్ళు అవి. యుద్ధ ఖైదీ వేరు, తన ప్రభుత్వమే బంధించిన పౌరుడు వేరు. ఆ తేడా నాకు తెలుసు. అయినా విచారణ లేని నిర్బంధం అనే మాట వినపడగానే ఆయన తర్వాతి రోజుల్లో ఎందుకంత రగిలిపోయేవారో ఊహించడానికి ఈ అనుభవం కొంత దారి చూపిస్తుంది.

చెట్టు కింద ఉపన్యాసాలు

1946లో తిరిగొచ్చాక మార్షల్ క్రిమినల్ లాయరుగా పేరు తెచ్చుకున్నారు. దట్టమైన కనుబొమలు, నోట్లో పైపు, కంచు కంఠం. ఆయన వాదిస్తుంటే కోర్టు హాలు నిండిపోయేదట. హత్యానేరం మోపబడిన వాళ్ళని జ్యూరీ ముందు విడిపించడంలో ఆయన దిట్ట. 

ఇక్కడ అప్పటి పరిస్థితి కొంచెం చెప్పుకోవాలి. 1948లో మలయాలో కమ్యూనిస్టుల సాయుధ పోరాటం మొదలయ్యాక, బ్రిటిష్‌వారు మలయాలోనూ సింగపూరులోనూ ఎమర్జెన్సీ నిబంధనలు తెచ్చారు. విచారణ లేకుండా ఎవరినైనా లోపల పెట్టవచ్చు. సభలకి, పత్రికలకి, సంఘాలకి అడుగడుగునా అడ్డంకులే. మనవాళ్ళకి ఇది కొత్త కాదు. 1919లో ఇలాంటి అధికారాల కోసమే రౌలట్ చట్టం తెచ్చారు, దానిమీద దేశమంతా భగ్గుమంది. బ్రిటిష్‌వారు ఎక్కడ పాలించినా ఈ ఆయుధాన్ని మాత్రం వెంట తీసుకెళ్ళారు. వెళ్ళిపోతూ అక్కడే వదిలేసి వెళ్ళారు కూడా!

1955లో రెండెల్ రాజ్యాంగం కింద ఎన్నికలు వచ్చాయి. శాసనసభలో 32 స్థానాలుంటే అందులో 25 ఎన్నికయ్యేవి. మార్షల్ లేబర్ ఫ్రంట్ పార్టీ నాయకుడిగా దిగారు. మధ్యాహ్నం భోజనాల వేళ ఎంప్రెస్ ప్లేస్ దగ్గర ఒక చెట్టు కింద నిలబడి గుమాస్తాలకి, కూలీలకి, దారిన పోయేవారికి ఉపన్యాసాలిచ్చేవారు. వలస పాలన పోవాలి, ఎమర్జెన్సీ నిబంధనలు పోవాలి, ఇవే ఆయన ప్రధాన నినాదాలు. ఏప్రిల్ 2న జరిగిన ఎన్నికల్లో లేబర్ ఫ్రంట్ 10 స్థానాలు గెలిచింది. ఎవరూ ఊహించని ఫలితం. మార్షల్ కూడా ఊహించలేదు అంటారు. మరో కూటమి మద్దతుతో ఏప్రిల్ 6న సింగపూరు మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ సభలోనే మూడు స్థానాలతో ప్రతిపక్షంలో కూర్చున్న కొత్త పార్టీ పీపుల్స్ యాక్షన్ పార్టీ. దాని నాయకుడు 31 ఏళ్ళ లీ క్వాన్ యూ.

ముఖ్యమంత్రి అన్నారు గానీ ఆఫీసు ఇవ్వలేదు! గవర్నరు దృష్టిలో ఆ పదవి ఒక అలంకారం. ఆఫీసు ఇవ్వకపోతే బయట చెట్టు కిందే బల్ల వేసుకుని కూర్చుంటానని మార్షల్ బెదిరించాక, మెట్ల కింద ఉన్న ఒక చిన్న గది ఇచ్చారు. పర్సు, పోలీసు, పరదేశీ వ్యవహారాలు మూడూ బ్రిటిష్ అధికారుల చేతుల్లోనే. ఇప్పుడు మనం పిల్లల్ని తీసుకుని ఏషియన్ సివిలైజేషన్స్ మ్యూజియం చూడ్డానికి వెళ్తుంటామే, ఆ ఎంప్రెస్ ప్లేస్ పరిసరాల్లోనే ఇదంతా జరిగింది. నేను అటువైపు వెళ్ళినప్పుడల్లా ఆ చెట్టు ఎక్కడ ఉండేదో అని వెతుక్కుంటూ ఉంటాను.

పధ్నాలుగు నెలల పాలన

ఆయన పదవిలో ఉన్నది 14 నెలలే. అయినా కొన్ని మంచి అలవాట్లు పాదుకొల్పారు. వారానికోసారి మామూలు జనం వచ్చి తమ కష్టం నేరుగా చెప్పుకునే ఏర్పాటు చేశారు. ఈరోజు హెచ్‌డీబీ బ్లాకుల కింద సాయంత్రం పూట ఎంపీలు నిర్వహించే మీట్ ద పీపుల్ సెషన్ ఆయన మొదలుపెట్టిందే. కార్మికుల పని గంటలకి హద్దు పెట్టే చట్టం తెచ్చారు. చైనీస్ బడుల గొడవ మీద అన్ని పార్టీల కమిటీ వేశారు. ఇంగ్లీషు రానివారు కూడా సభలో మాట్లాడగలిగేలా మలయ్, మాండరిన్, తమిళం కూడా వాడుకోవడానికి 1956లో దారి తెరిచారు. 1955 డిసెంబరులో బాలింగ్ అనే ఊళ్ళో, టుంకు అబ్దుల్ రహమాన్‌తో కలిసి, కమ్యూనిస్టు గెరిల్లా నాయకుడు చిన్ పెంగ్‌తో ముఖాముఖి చర్చలకు కూడా కూర్చున్నారు. ఆ చర్చలు ఫలించలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆయన పదవిలోకి వచ్చి ఆరు వారాలు కూడా కాకముందే, మే 12న హాక్ లీ బస్సు కంపెనీ సమ్మె అల్లర్లుగా మారింది. నలుగురు చనిపోయారు, వారిలో ఒకరు స్కూలు విద్యార్థి. కఠినంగా అణచలేదని ఒక వైపు, కార్మికులకి న్యాయం చేయలేదని మరో వైపు తిట్లు. ఎమర్జెన్సీ నిబంధనలు ఎత్తేస్తానని చెట్టు కింద నిలబడి మాట ఇచ్చిన మనిషి, ఇప్పుడు కుర్చీలో కూర్చుని రగులుతున్న ఊరిని చూడాల్సి వచ్చింది.

చివరికి ఏం చేశారు? 1955 అక్టోబరులో ఎమర్జెన్సీ నిబంధనల్లో కొన్నిటిని తీసేశారు. కానీ వాటి స్థానంలో ప్రజాభద్రతా పరిరక్షణ ఆర్డినెన్సు అనే కొత్త చట్టం తెచ్చారు. అందులో విచారణ లేకుండా రెండేళ్ళ వరకు నిర్బంధించే అధికారం అలాగే ఉంచారు. తన వంతుగా ఒక కళ్ళెం వేశారు. నిర్బంధించబడిన వ్యక్తి జడ్జీలతో కూడిన ట్రిబ్యునల్‌కి అప్పీలు చేసుకోవచ్చు. పాత నిబంధనల కంటే ఇది మెరుగే. సభలో తన బాధ దాచుకోలేదు, ఇష్టం లేకుండానే ఈ బిల్లు తెస్తున్నానని ఒప్పుకున్నారు. ప్రతిపక్షం మాత్రం ఊరుకోలేదు. విచారణ లేని నిర్బంధాన్ని ఆ రోజు ఘాటుగా విమర్శించినవారిలో లీ క్వాన్ యూ కూడా ఉన్నారు! అధికారం లేనప్పుడు స్వేచ్ఛ గురించి మాట్లాడటం, అధికారం వచ్చాక భద్రత గురించి మాట్లాడటం ఏ ఒక్క పార్టీకో, ఏ ఒక్క దేశానికో పరిమితం కాదు. మన దేశంలో కూడా అంతే కదా. 1950లో, రాజ్యాంగం అమల్లోకి వచ్చిన కొద్ది వారాలకే, జైళ్ళలో మగ్గి వచ్చిన నాయకులే ప్రివెంటివ్ డిటెన్షన్ చట్టం చేశారు. దాన్ని సవాలు చేసిన ఎ.కె. గోపాలన్ మద్రాసు జైల్లో ఉండే సుప్రీంకోర్టుకి వెళ్ళారు, ఓడిపోయారు.

1956 ఏప్రిల్‌లో మార్షల్ 13 మంది ప్రతినిధులతో లండన్ వెళ్ళారు. స్వపరిపాలన వచ్చేదాకా ఊరుకోను, తేలేకపోతే రాజీనామా చేస్తాను అని ముందే ప్రకటించారు. బేరం ఎక్కడ తెగిపోయిందో చూడండి. అంతర్గత భద్రత ఎవరి చేతిలో ఉండాలి అనే దగ్గర. భద్రతా మండలిలో ఆఖరి ఓటు తమదే కావాలని బ్రిటిష్‌వారు పట్టుబట్టారు. పోలీసు పరాయివాడి చేతిలో ఉంటే అది స్వపరిపాలన ఎలా అవుతుందని మార్షల్ వాదన. చర్చలు విఫలమయ్యాయి. జూన్ 7న అన్నమాట ప్రకారం రాజీనామా చేశారు. ఆయన ఆవేశపరుడు, రాజీ పడటం తెలియదు, మరి కాస్త ఓపిక పట్టి ఉండాల్సింది అని చరిత్రకారులు కొందరు అంటారు. అది నిజమే కావచ్చు. మరుసటి సంవత్సరం వేరే నాయకుడు ఇంచుమించు అలాంటి రాజీకే ఒప్పుకుని స్వపరిపాలన తెచ్చారు. కానీ మాట ఇచ్చి కుర్చీ వదులుకున్న ముఖ్యమంత్రులని మన తెలుగు నేల మీద కూడా మనం ఎందర్ని చూశాం?

తాను చేసిన కత్తి

ఆయన తర్వాత ముఖ్యమంత్రి అయినవారు లిమ్ యూ హాక్, మార్షల్ పార్టీవారే. 1956 అక్టోబరులో చైనీస్ విద్యార్థుల ఆందోళన అల్లర్లుగా మారినప్పుడు, మార్షల్ తెచ్చిన ఆ చట్టాన్నే ఉపయోగించి కార్మిక నాయకులని జైల్లో పెట్టారు. లిమ్ చిన్ సియాంగ్, ఫాంగ్ స్వీ సువాన్, దేవన్ నాయర్ లాంటివారు అందులో ఉన్నారు. ఈ దేవన్ నాయరే తర్వాత సింగపూరు అధ్యక్షుడు అయ్యారు. 1959లో అధికారం పీపుల్స్ యాక్షన్ పార్టీ చేతికి వచ్చింది. 1963 ఫిబ్రవరి 2న కోల్డ్ స్టోర్ పేరుతో జరిగిన ఆపరేషన్లో వందమందికి పైగా ప్రతిపక్ష నాయకులని, కార్మిక నాయకులని, పాత్రికేయులని నిర్బంధించింది ఈ ఆర్డినెన్సు కిందే. అదే ఏడాది మలేషియాలో కలవడంతో మలయా వారి అంతర్గత భద్రతా చట్టం ఇక్కడికి వచ్చింది. 1965లో విడిపోయినా ఆ చట్టం ఉండిపోయింది. ఈనాటికీ ఉంది. దాని కింద చియా థై పో అనే మాజీ ఎంపీ 1966 నుంచి 1989 దాకా విచారణ లేకుండానే నిర్బంధంలో ఉన్నారు. ఆ తర్వాత కూడా 1998 దాకా ఆంక్షల్లోనే ఉన్నారు.

ఈ వరస చూస్తే నాకు ఒకటే అనిపిస్తుంది. చట్టం చేసేవాడు మంచివాడు అయితే సరిపోదు. ఆ చట్టం రేపు ఎవరి చేతిలోకి వెళ్తుందో అది ముఖ్యం. మార్షల్ ఒక కత్తి తయారుచేసి, దానికి ఒర కూడా చేసి పెట్టారు. తర్వాత వచ్చినవారికి కత్తి అవసరమైంది, ఒర అంతగా అవసరం పడలేదు.

అయితే ఆ కాలం ఎంత ప్రమాదకరమైనదో మరిచిపోకూడదు. అడవుల్లో సాయుధ పోరాటం, ఊళ్ళో అల్లర్లు, జాతుల మధ్య అనుమానాలు. ఆ నిర్బంధాలు లేకపోతే ఈ రోజు మనం చూస్తున్న సింగపూరు ఉండేదే కాదని నమ్మేవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. నిర్బంధించబడినవారిలో ఎందరు నిజంగా ప్రమాదకరమో, ఎందరు కేవలం రాజకీయ ప్రత్యర్థులో అని చరిత్రకారులు ఇప్పటికీ తగవులాడుతూనే ఉన్నారు. ఆ తగవు తేలకపోవడానికి కారణం కూడా అదే. విచారణ జరగలేదు కాబట్టి సాక్ష్యాలు కోర్టులో పరీక్షకి నిలబడలేదు. మార్షల్ చెప్పదలచుకున్నది అదే అని నేను అనుకుంటాను.

ఓటమి, ఓటమి, ఒక గెలుపు

1957 నవంబరులో మార్షల్ వర్కర్స్ పార్టీని స్థాపించారు. ఈ రోజు సింగపూరు పార్లమెంటులో ప్రధాన ప్రతిపక్షంగా ఉన్నది ఆ పార్టీయే. 1959 ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. సరిగ్గా ఆ సంవత్సరమే మన దేశంలో రాజాజీ, మన గుంటూరు జిల్లా నిడుబ్రోలుకి చెందిన ఆచార్య ఎన్.జి. రంగా కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. రంగా గారే దానికి మొదటి అధ్యక్షుడు. రైతు భూమి మీద, వ్యాపారి లైసెన్సు మీద, పౌరుడి జీవితం మీద ప్రభుత్వం పెత్తనం మితిమీరుతోందని వారి ఆందోళన. మార్షల్ కార్మికుల పక్షం, సోషలిజం వైపు మొగ్గు ఉన్నవారు. రంగా గారు రైతుల పక్షం, స్వేచ్ఛా ఆర్థిక విధానం వైపు మొగ్గు. దారులు వేరు. కానీ సర్కారు చేతులు మరీ పొడుగు కాకూడదన్న చోట ఇద్దరూ కలుస్తారు. కాకతాళీయంగా ఇద్దరూ కన్నుమూసింది కూడా ఒకే ఏడాదిలో, 1995లో.

1961 జులైలో ఆన్సన్ ఉప ఎన్నికలో మార్షల్ గెలిచి మళ్ళీ సభలో అడుగుపెట్టారు. అదే సంవత్సరం జీన్ గ్రే అనే ఇంగ్లండు సామాజిక కార్యకర్తని పెళ్ళి చేసుకున్నారు, అప్పటికి ఆయనకి 53 ఏళ్ళు. నలుగురు పిల్లలు. 1963లో పార్టీ వదిలి స్వతంత్రంగా పోటీ చేసి ఓడిపోయారు. అక్కడితో ఎన్నికల రాజకీయాలు ముగిశాయి. కోర్టులో ఆయన పోరాటం మాత్రం ముగియలేదు.

జ్యూరీ కోసం

సామాన్య పౌరులు కొందరు కూర్చుని, నేరం చేశాడా లేదా అని తేల్చే పద్ధతి జ్యూరీ. 1960లో సింగపూరు దీన్ని మరణశిక్ష పడే కేసులకి మాత్రమే పరిమితం చేసింది. 1969లో పూర్తిగా తీసేయడానికి బిల్లు వచ్చినప్పుడు మార్షల్ సెలెక్ట్ కమిటీ ముందు హాజరై వ్యతిరేకించారు. అక్కడ ఆయన్ని ప్రశ్నించింది స్వయంగా ప్రధానమంత్రి లీ క్వాన్ యూ. ఆయనా లాయరే. వంద హత్య కేసుల్లో తొంభై తొమ్మిది మందిని విడిపించిన మీ రికార్డే జ్యూరీ పనిచేయదు అనడానికి సాక్ష్యం కదా అన్న ధోరణిలో ప్రశ్నలు సాగాయి. లాయరు వాక్చాతుర్యానికి పడిపోయి హంతకుణ్ణి వదిలేసే పద్ధతి ఎందుకు అని ప్రధాని వాదన. ప్రాణం తీసే అధికారం రాజ్యం చేతిలో ఉన్నప్పుడు, రాజ్యానికీ ముద్దాయికీ మధ్య మామూలు మనుషులు నిలబడాలి అని మార్షల్ వాదన. ఉరిశిక్షకి ఆయన మొదటినుంచీ వ్యతిరేకి. చివరికి బిల్లు నెగ్గింది, జ్యూరీ పోయింది.

మన దేశంలోనూ జ్యూరీ ఇంచుమించు ఆ కాలంలోనే చరిత్రలో కలిసిపోయింది. 1959 నాటి నానావతి కేసు మీలో చాలామందికి సినిమాల ద్వారా అయినా తెలుసు. పత్రికల హోరులో బొంబాయి జ్యూరీ 8-1 తేడాతో నిర్దోషి అంది, హైకోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి ప్రధాని వాదనలో బలం లేదని నేను అనలేను. కానీ మార్షల్ ఎత్తి చూపిన లోటు కూడా ఉండనే ఉంది. జ్యూరీతో పాటు, మామూలు పౌరుడు న్యాయంలో భాగస్వామి అయ్యే ఒక తలుపు మూసుకుపోయింది.

లైసెన్సు పోయిన ఆరు నెలలు

1971 మే నెలలో నాన్యాంగ్ సియాంగ్ పావ్ అనే చైనీస్ దినపత్రిక యాజమాన్యంలో, సంపాదకవర్గంలో ఉన్న నలుగురిని అంతర్గత భద్రతా చట్టం కింద నిర్బంధించారు. వారి తరఫున హెబియస్ కార్పస్ వేయడానికి ముందుకొచ్చింది మార్షలే. 1971 జులై 13న కోర్టు తీర్పు చెప్పింది. ఒక వ్యక్తి దేశభద్రతకు ప్రమాదం అని ప్రభుత్వం నమ్మితే చాలు, ఆ నమ్మకానికి తగిన ఆధారం ఉందా లేదా అని కోర్టు తవ్వి చూడదు అన్నది దాని సారాంశం. లీ మావ్ సెంగ్ కేసుగా ఇది ఇక్కడి న్యాయశాస్త్రంలో నిలిచిపోయింది.

ఈ కేసులో దాఖలైన అఫిడవిట్లని, అటార్నీ జనరల్‌కి ఇచ్చిన హామీకి విరుద్ధంగా, మార్షల్ విదేశీ సంస్థకు పంపించారని ఆయన మీద చర్య తీసుకున్నారు. 1972లో ఆరు నెలలపాటు ఆయన లాయరు వృత్తి చేయకుండా సస్పెండ్ చేశారు. ముప్ఫై అయిదేళ్ళ ప్రాక్టీసు ఉన్న మనిషికి, 64 ఏళ్ళ వయసులో అది మామూలు దెబ్బ కాదు. హామీ తప్పడం తప్పే, లాయరు మాటకి విలువ ఉండాలి. అయినా తన లాభం కోసం కాక, లోపల ఉన్న నలుగురి గొంతు బయటికి వినిపించాలని చేసిన పని అని ఆయన అభిమానులు అంటారు.

ఆ తీర్పుకి ఒక కొనసాగింపు ఉంది, అది చెప్పకపోతే కథ పూర్తి కాదు. 1988 డిసెంబరులో సింగపూరు అప్పీలు కోర్టు ఇంకో కేసులో ఆ పాత సూత్రాన్ని పక్కన పెట్టింది. ప్రభుత్వం నమ్మితే చాలదు, ఆ నమ్మకానికి ఆధారం ఉందో లేదో కోర్టు చూడవచ్చు అంది. మరుసటి నెలలోనే, అంటే 1989 జనవరిలో, పార్లమెంటు రాజ్యాంగాన్ని, చట్టాన్ని సవరించింది. ఈ విషయంలో న్యాయసూత్రం 1971 జులై 13 నాటికి ఎలా ఉందో అలాగే ఉండాలి అని చట్టంలో తేదీతో సహా రాశారు. మార్షల్ ఓడిపోయిన రోజే ఆ తేదీ! ఒక లాయరు ఓటమి తేదీ చట్టంలోకి ఎక్కడం ఇంకెక్కడైనా జరిగిందో లేదో నాకు తెలియదు.

ఇది చదివినప్పుడు మన దేశంలో 1976 ఏప్రిల్ గుర్తొచ్చింది. ఎమర్జెన్సీ కాలంలో మీసా కింద జైల్లో ఉన్నవారికి హెబియస్ కార్పస్ అడిగే హక్కు కూడా లేదని జబల్‌పూర్ కేసులో మన సుప్రీంకోర్టు 4-1 తేడాతో తీర్పు చెప్పింది. కాదన్న ఆ ఒక్కరు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. ఆయనకి ప్రధాన న్యాయమూర్తి పదవి దక్కలేదు. కానీ 1978లో 44వ సవరణ ద్వారా, ఎమర్జెన్సీలో కూడా జీవించే హక్కుని, వ్యక్తి స్వేచ్ఛని సస్పెండ్ చేయకూడదని మార్చుకున్నాం. 2017లో సుప్రీంకోర్టు తానే ఆ పాత తీర్పుని తప్పు అంది. ఒక దేశంలో ఓడిన వాదన నలభై ఏళ్ళకి గెలిచింది. ఇంకో దేశంలో ఇంకా గెలవలేదు.

ప్యారిస్‌లో పదిహేనేళ్ళు

1978లో సింగపూరు ప్రభుత్వం మార్షల్‌ని ఫ్రాన్సుకి రాయబారిగా పంపింది. అంతకు ఆరేళ్ళ ముందు సస్పెండ్ అయిన మనిషి! విమర్శకుడిని మర్యాదగా దూరం పంపారని కొందరు, ఆయన లొంగిపోయారని కొందరు అన్నారు. ప్రభుత్వంతో ఆయనకి విభేదాలు ఉన్నాయి గానీ, సింగపూరు మీద ప్రేమకి కొరత లేదు. దేశం పిలిచింది కాబట్టి వెళ్ళారు. 1993 దాకా పదిహేనేళ్ళు ఫ్రాన్సులో, తర్వాత స్పెయిన్, పోర్చుగల్, స్విట్జర్లాండ్ దేశాల బాధ్యతలు కూడా కలిపి సింగపూరు గొంతుగా నిలిచారు. ఇళ్ళు, ఉద్యోగాలు, అవినీతి లేని పాలన ఇచ్చినందుకు లీ ప్రభుత్వాన్ని మెచ్చుకునేవారు. తిరిగొచ్చాక, పత్రికల అణకువ గురించి, విచారణ లేని నిర్బంధం గురించి మళ్ళీ నిర్మొహమాటంగా మాట్లాడారు. మెచ్చుకోవలసినవి మెచ్చుకోవడం, కాదనవలసినవి కాదనడం, రెండూ ఒకే నోటితో చేయగలిగిన మనిషి. 1995 డిసెంబరు 12న, 87వ ఏట ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశారు.

మనకెందుకు ఈ కథ?

మనం ఇక్కడికి ఉద్యోగాలకి వచ్చాం. అర్ధరాత్రి ఆడపిల్ల ఒంటరిగా ఇంటికి రాగలిగే ఊరు, లంచం ఇవ్వకుండా పని జరిగే ఆఫీసులు, టైముకి వచ్చే రైళ్ళు. వీటి విలువ మనకంటే బాగా ఎవరికి తెలుసు? అందుకే మనలో చాలామంది, స్వేచ్ఛ కొంచెం తగ్గితే ఏం, సౌఖ్యం ఉంది కదా అని తేల్చేస్తారు. నేను దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. మరి మార్షల్ వేసిన ప్రశ్న అప్పుడప్పుడు మన గుమ్మం దాకా వస్తూనే ఉంది.

2013 డిసెంబరు 8న లిటిల్ ఇండియాలో అల్లర్లు జరిగాయి. మనం ఆదివారాలు కూరగాయలకీ, బిర్యానీకీ వెళ్ళే చోటు. ఆ తర్వాత 2014లో ఆ ప్రాంతంలో సోదా చేయడానికి, మనుషుల్ని అక్కడికి రాకుండా ఆపడానికి పోలీసులకి ప్రత్యేక అధికారాలు ఇచ్చే తాత్కాలిక చట్టం చేశారు. 2015లో రాత్రి పదిన్నర తర్వాత బహిరంగ ప్రదేశాల్లో మద్యం తాగకూడదని దేశమంతటికీ చట్టం వచ్చింది, లిటిల్ ఇండియాకి అదనపు నియమాలు పెట్టారు. ఒక రాత్రి కొందరు చేసిన పనికి అందరి అలవాట్లూ మారాయి. అక్కడ ఆదివారం సేద తీరే కూలీ తమ్ముళ్ళకి అది ఒక రకంగా, కండోల్లో ఉండే మనకి ఇంకో రకంగా తగిలింది.

కోవిడ్ కాలంలో ట్రేస్ టుగెదర్ మనందరి ఫోన్లలో ఉండేది. రోగం ఎవరినుంచి ఎవరికి సోకిందో తెలుసుకోవడానికే అన్నారు. 2021 జనవరిలో, నేర పరిశోధనకి పోలీసులు కూడా ఆ సమాచారం అడగవచ్చని బయటపడింది. జనంలో అసంతృప్తి వచ్చింది. ఇది మెచ్చుకోవలసిన విషయం: ఫిబ్రవరిలోనే ప్రభుత్వం పార్లమెంటులో బిల్లు పెట్టి, ఏడు రకాల తీవ్ర నేరాలకే దాన్ని పరిమితం చేసింది. ప్రశ్నించినందుకు ఒర దొరికింది. ఎవరూ ప్రశ్నించకపోతే అది కూడా దొరికేది కాదు.

మనం ఇక్కడ అతిథులం. ఇక్కడి రాజకీయాల్లో తలదూర్చమని నేను చెప్పడం లేదు, చట్టాన్ని గౌరవించడం మన ధర్మం. కానీ చదువుకోవడానికి, ఆలోచించడానికి, మన పిల్లలకి చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇక్కడే పుట్టి పెరుగుతున్న మన పిల్లలు రేపు ఈ దేశంలో ఓటర్లు, జడ్జీలు, ఎంపీలు అవుతారు. మన ఊళ్ళో కూడా, ఏ పార్టీ ప్రభుత్వం ఒక కొత్త భద్రతా చట్టం తెచ్చినా, అది మనకి నచ్చిన నాయకుడు తెచ్చాడు కదా అని చప్పట్లు కొట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. ఇదే చట్టం మనకి నచ్చని నాయకుడి చేతిలో ఉంటే ఏమవుతుంది? తప్పు జరిగితే సరిదిద్దడానికి ఒక జడ్జికి అధికారం ఉందా?

మార్షల్ జీవితంలో ఓటములే ఎక్కువ. ఎన్నికల్లో ఓడారు, లండన్‌లో ఓడారు, జ్యూరీ కోసం ఓడారు, కోర్టులో ఓడారు. కుర్చీలో ఉండగా తన సూత్రం ముందు తానే తలవంచారు కూడా. అయినా ఆయన మొదలుపెట్టిన మీట్ ద పీపుల్ సెషన్ ఉంది, ఆయన పెట్టిన పార్టీ ఉంది, ఆయన అడిగిన ప్రశ్న ఉంది. వీలు చూసుకుని ఆయన గురించి మీరూ చదవండి. మన నేషనల్ లైబ్రరీలో ఆయన జీవితచరిత్రలు దొరుకుతాయి. చదివాక మీకేమనిపించిందో నాకు తప్పక రాయండి.